గాలి ఆడటం వేరు, గాలి దూరటం వేరు

కార్తీకం వచ్చి నాలుగైదు రోజులైంది. రాత్రి పదింటికి ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేసి, చేతిలో ఊదుకడ్డి పట్టుకుని గోడల వెంబడి తిరుగుతుంటే మా అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

“ఏమప్పా, ఇంటికి దిష్టి తీస్తాండావా?”

“లేదమ్మా, గాలి యాడ నుంచి వస్తాందో చూస్తాండా.”

“దానికి ఊదుకడ్డి ఎందుకు? నా కాళ్లనడుగు, చెప్తాయి.”

నిజమే. ఆమె మంచం పెరటి తలుపుకి ఎదురుగా ఉంటుంది, కాళ్లు ఆ తలుపు వైపు. ఊదుకడ్డిని గది నడుమ పట్టుకుంటే పొగ నిట్టనిలువుగా లేచి, రెండడుగుల పైన మెల్లగా మెలిక తిరుగుతోంది. అదే కడ్డీని తలుపు కింది సందు దగ్గరికి వంచితే పొగ లేవనే లేదు. ఎవరో నోటితో ఊదినట్టు పక్కకి పడుకుని, నేలబారుగా మంచం కోళ్ల వైపు పోయింది. అమ్మ “చెప్తిని కదా” అన్నట్టు చూసి దుప్పటి కప్పుకుని అటు తిరిగింది.

అనంతపురంలో చలి గురించి ఇంత రాస్తున్నాడేమిటని నవ్వుకునేవాళ్లు ఉంటారని తెలుసు. మా ఊరి పేరు చెప్తే ఎవరికైనా ఎండ, కరువు గుర్తొస్తాయి గానీ చలి గుర్తు రాదు. కానీ డెబ్భై దాటి, ఆయాసం ఉన్న మనిషికి డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు 15, 16 డిగ్రీలకు దిగితే అది చలే. కొన్ని రోజులు ఇంకా దిగుతుంది. పైగా మాది తూర్పు వాకిలి. ఆ కాలంలో మా వైపు గాలి వీచేది తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి. వాస్తు చూసి అందరం తూర్పు వాకిళ్లు పెట్టించుకున్నాం, చలిగాలికి ఎదురెళ్లి స్వాగతం చెప్తున్నాం.

ఈ ఊదుకడ్డి పరీక్ష కంటే ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి.

మా తమ్ముడు కెనడాలో, రెజైనా అనే ఊళ్లో ఉంటాడు. పోయినేడాది చలికాలం ముందు వాడు ఇంటిని ఎలా బిగిస్తున్నాడో వీడియో తీసి పంపాడు. కిటికీల చుట్టూ సిలికాన్, తలుపుల చుట్టూ ఫోమ్ టేపు, కిటికీ అద్దాల మీదుగా పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ పొరని అతికించి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి గాలి కొడితే అది ముడుచుకుని తప్పెట చర్మంలా బిగుసుకుపోయింది. చూడగానే ముచ్చటేసింది. మనమూ చేద్దాం అనుకున్నాను.

చేశాను. అమ్మ గదిలో కిటికీ రెక్కలకి చుట్టూ టేపు. వెంటిలేటర్లో పాత పేపర్లు కుక్కాను. తలుపు కింద బొంత చుట్టి పెట్టాను. సాయంత్రానికి గదిలోకి చీమ కూడా దూరే సందు లేదు. ఒక్కటి మర్చిపోయాను. అమ్మ రోజూ పడుకునే ముందు మంచం కింద దోమల చుట్ట వెలిగించి పెట్టుకుంటుంది. ముప్పై ఏళ్ల అలవాటు. ఇన్నాళ్లూ ఆ పొగ ఏ సందుల్లోంచి బయటికి పోతోందో ఆ సందులన్నీ నేనే మూసేశాను.

రాత్రి మూడు గంటలకి తలుపు దబదబా బాదింది. తలుపు తెరిస్తే మాట రావడం లేదు, భుజాలు ఎగరేస్తూ గాలి పీలుస్తోంది. గదిలో పొగ ట్యూబులైటు కింద పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే నెబ్యులైజర్ పెట్టారు. గంటలో కుదుటపడింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి డాక్టరు రెండే అడిగింది: “గదిలో పొగ ఏమైనా పెట్టారా? కిటికీ తెరిచి ఉందా?” రెండిటికీ జవాబు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాత చదివాను. ఒక దోమల చుట్ట మొత్తం కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేంత ఉంటుందని 2003లో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. ఆయాసం ఉన్న మనిషిని గదిలో పెట్టి, తలుపు బిగించి, పక్కన పెట్టెలకి పెట్టెల సిగరెట్లు వెలిగించినట్టయింది నా పని.

ఈ సంగతి తెలిశాక మా వీధిలో అందరూ ఒకే మాట అన్నారు. “ఇంటికి గాలి ఆడాలి సార్. మూయకూడదు.” అప్పుడు తలూపాను. నెలరోజులు తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లు అన్నీ బార్లా తెరిచి పెట్టాను. అమ్మ రెండు దుప్పట్లు, పైన కంబళి కప్పుకుని ఆ చలికాలం గడిపింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సలహా కూడా సగమే నిజం. గాలి ఆడటం వేరు, గాలి దూరటం వేరు. మనం తెరిచినప్పుడు వచ్చి, మూసినప్పుడు ఆగేది ఆడే గాలి. మన ప్రమేయం లేకుండా రాత్రంతా కాళ్ల మీదకి కొట్టేది దూరే గాలి. సందులు మూసేస్తే ఇంటికి గాలి ఆడదనుకోవడం, కుండకి చిల్లి పూడిస్తే నీళ్లు వంచుకోలేం అనుకోవడం లాంటిది. వంచుకోవడానికి మూతి ఉంది కదా.

ఉరవకొండ దగ్గర మా పల్లెలో మా జేజి కాలం నాటి మిద్దె ఉండేది. రెండడుగుల మందం రాతి గోడలు, మట్టితో కట్టినవి. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన సౌడు మట్టి. కిటికీలు ఉన్నాయంటే ఉన్నట్టు. కానీ నడిమింట్లో పైకి చూస్తే ఒక గవాక్షి. జేజి గవాచి అనేది. వెలుతురు అందులోంచే, వంట పొగ పోయేదీ అందులోంచే. వానొస్తే పిల్లల్లో ఎవరో ఒకరిని మిద్దె మీదికి తరిమేది, “గవాచి మూసి రాపో” అని. పక్కనే ఒక నాపరాయి పెచ్చు ఉండేది, దాన్ని జరిపితే చాలు. చలికాలం రాత్రి పొయ్యి ఆరిపోయాక సగానికి జరిపేవాళ్లం. తెల్లారి పొయ్యి వెలిగించే ముందు మళ్లీ పూర్తిగా తీసేవాళ్లం. ఇంట్లో గాలి ఎంత కావాలో అంత, ఒక రాయిని అటూ ఇటూ జరపడంతో అయిపోయేది.

అట్లని పాత ఇల్లు గొప్పదని నేను అనడం లేదు. ఆ తలుపు చెక్కల మధ్య వేలు పట్టేది. ఎలుకలు, జెర్రులు, ఏడాదికొకసారైనా తేలు. సౌడు పోయడం ఒక ఏడాది మానేస్తే వాన నట్టింట్లోనే. మొత్తం వదిలేసి సిమెంటు ఇళ్లకి వచ్చామంటే కారణాలున్నాయి. ఆ ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్క గవాచి సంగతే. కన్నం ఉండాలి, దానికి మూత ఉండాలి, ఆ మూత మన చేతికి అందాలి.

ఇప్పుడు అనంతపురంలో రుద్రంపేట వైపు మేం కట్టుకున్న ఇంటి సంగతి చూద్దాం. పదకొండేళ్లయింది. గోడలు గట్టివే, స్లాబు గట్టిదే. ఊదుకడ్డి పట్టుకుని తిరిగితే తెలిసింది, ఇన్ని మూతల్లేని కన్నాలు పెట్టుకుని బతుకుతున్నామని.

మొదటిది తలుపు కింద. కట్టేటప్పుడు ముందు తలుపులు బిగించారు, తర్వాత టైల్స్ వేశారు. టైల్స్‌కి రెక్క తగులుతుందని అడుగున కోశారు. ఆ మీద గోనెపట్ట అడ్డం రాకూడదని ఇంకాస్త కోశారు. లోపలి గదులకి గడపలే లేవు. నేల తుడిచే కర్రకి అడ్డమని ఈ కాలం ఎవరూ పెట్టించుకోవడం లేదు. గడప మీద పసుపు, బొట్టు పెట్టడం ఆచారం అనుకుంటాం గానీ, అది చేసే పని చలిగాలినీ తేలునీ వాకిట్లో ఆపడం. ఇప్పుడు గడప తీసేసి, ఆ పనికి రబ్బరు పట్టీ కొంటున్నాం. అమ్మ గదికి పెరట్లోకి తలుపు ఉంది, ఆ ఊదుకడ్డి పొగ పడుకున్న తలుపు అదే. మూడడుగుల వెడల్పు, కింద అరంగుళం సందు. లెక్కేస్తే 18 చదరపు అంగుళాలు. ఇటుకని పొడుగు వైపు చూస్తే 9 బై 3, అంటే 27. గోడలోంచి మూడింట రెండొంతుల ఇటుక పీకేసి, మంచం ఎదురుగా వదిలేసినట్టు. గోడకి అంత కన్నం ఉంటే మేస్త్రీని పిలిచి గొడవ చేసేవాణ్ణి. తలుపు కింద ఉంది కాబట్టి పదకొండేళ్లు కనపడలేదు.

రెండోది ఏసీ పైపు కన్నం. బిగించిన కుర్రాడు మూడంగుళాల కన్నం కొట్టి, పైపు దూర్చి, మిగిలిన జాగాలో థర్మోకోల్ ముక్క ఒకటి కుక్కి పోయాడు. అది ఎప్పుడో ఎండి రాలిపోయింది. అక్కడ ఊదుకడ్డి అవసరం కూడా రాలేదు. సాలెగూడు ఊగుతోంది.

మూడోది నేను కలలో కూడా అనుకోనిది. అమ్మ గదిలోనే, బయటి గోడ మీదున్న స్విచ్ బోర్డు దగ్గర పొగ వణికింది. గోడలో సందు లేదు, బోర్డు బిగువుగానే ఉంది. చివరికి ప్లగ్గు కన్నాల దగ్గరే గాలి తగులుతోందని తేలింది. మర్నాడు మిద్దె ఎక్కి చూస్తే అర్థమైంది. పైన ఇంకో అంతస్తు వేస్తామని, మన దగ్గర అందరూ వదిలినట్టే, మేమూ స్తంభాల కమ్మీలు, కరెంటు పైపులు ఆకాశం వైపు వదిలిపెట్టాం. పైపుల మూతులు తెరిచే ఉన్నాయి. పైన గాలి కొడితే పైపులోంచి గోడలోకి, గోడలోంచి బోర్డులోకి, బోర్డులోంచి గదిలోకి. నాలుగు ప్లాస్టిక్ మూతలు తెచ్చి తగిలించాను. ఒక్కొక్కటి పది రూపాయలు. అంతస్తు ఎప్పుడు వేస్తామో దేవుడికి తెలియాలి, అది వేరే కథ.

కిటికీలు అల్యూమినియం స్లైడింగువి. రెక్కల అంచున కుచ్చు పట్టీ ఉంటుంది, పదేళ్లకి అది అరిగి బోడిగుండు అయింది. రెక్క మూసి, మధ్యలో పేపరు ముక్క పెట్టి లాగితే జారి వచ్చేస్తే పట్టీ పోయినట్టే. కొత్త పట్టీ మీటర్ల లెక్కన దొరుకుతుంది, కిటికీలు చేసేవాళ్ల దగ్గర. ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. కింది పట్టాకి బయటి వైపు చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. సందు కనపడితే చాలు సిలికాన్ కొట్టే ఊపులో ఉన్నాను కదా, అవీ పూడ్చేశాను. ఆ వారమే నవంబరు వాన పడింది. పట్టాలో చేరిన నీళ్లు బయటికి పోవాల్సింది ఆ చిల్లుల్లోంచే. అవి లేకపోయేసరికి నిండి లోపలికి దిగి, కిటికీ కిందున్న పుస్తకాల అర తడిసిపోయింది. పిన్నీసుతో ఒక్కొక్క చిల్లూ పొడుచుకుంటూ ఒక ఆదివారం గడిచింది.

అమ్మ గది తలుపుకి వెంటనే రబ్బరు పట్టీ దొరకలేదు. ఆమే ఒక పాత నూలు చీర చింపి గొట్టంలా కుట్టింది. లోపల శనక్కాయ పొట్టు నింపుదాం, తేలిగ్గా ఉంటుంది అంది. మన జిల్లాలో దానికేం కొదవ? వారం తిరగకముందే చీమలు పట్టాయి, ఎలుక ఒక చివర కొరికింది. తర్వాత జల్లించిన ఇసుక పోసింది. ఆకుపచ్చ చీర, మూడడుగుల పొడుగు, తలుపు మొదట్లో పడుకుని ఉంటుంది. పనమ్మాయి మొదటిరోజు చీపురు వదిలేసి కేక పెట్టి పరుగెత్తింది. ఇప్పుడు రబ్బరు పట్టీ వచ్చినా ఆ ఇసుక పాముని తీసేయడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు.

మొత్తం ఖర్చు, రెండు సిలికాన్ ట్యూబులు, పట్టీలు, మూతలు, ఏసీ కన్నంలోకి కాస్త సిమెంటు కలిపి, 1,200 దాటలేదు.

ఇక ఫలితం. నిజాయితీగా చెప్తాను. గోడకి థర్మామీటరు ఉంది. సందులు మూయక ముందూ, మూశాకా తెల్లవారుజామున చూస్తే ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు. కానీ అమ్మ రెండో దుప్పటి తీసేసింది.

దీని వెనకాల లెక్క ఉంది. అది అర్థమయ్యాకే నాకు ఈ విషయం మీద పట్టు దొరికింది. మా గది 12 బై 12, ఎత్తు 10 అడుగులు. అంటే 1,440 ఘనపుటడుగులు, ఇంచుమించు 40 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. గదిలో గాలి మొత్తం తూకం వేస్తే 50 కిలోలకి కాస్త తక్కువ. రెండు పాతిక కిలోల బియ్యం మూటలు, అంతే. అదే గది మీదున్న ఐదంగుళాల స్లాబు ఒక్కటే నాలుగు టన్నులు. గోడల సంగతి ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. కిలోకి కిలో చూస్తే గాలీ, కాంక్రీటూ ఇంచుమించు ఒకే అంత వేడిని పట్టుకుంటాయి. అంటే ఇంట్లో ఉన్న వెచ్చదనమంతా గోడల్లో, స్లాబులో ఉంది, గాలిలో ఉన్నది చిల్లర. కిటికీ పది నిమిషాలు తెరిచి గాలంతా మార్చేసినా పోయేది ఆ చిల్లరే. గోడలు దాన్ని కాసేపట్లో మళ్లీ వెచ్చబెడతాయి. రాత్రంతా సందులోంచి సన్నగా కొట్టే గాలి లెక్క వేరు. అది గదిని పెద్దగా చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటి చుట్టూ ఉండే పల్చటి వెచ్చని పొరని క్షణక్షణం ఊడ్చేస్తుంది. ఆ సంగతి థర్మామీటరుకి తెలియదు, అమ్మ కాళ్లకి తెలుసు.

స్లాబు చల్లబడేది వేరే దారిలో. మబ్బు లేని రాత్రి అది తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మనకి మబ్బు ఉండేది ఎన్ని రోజులు? తెల్లవారుజామున మిద్దె మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. దానికి సందులు మూసి ప్రయోజనం లేదు.

కాబట్టి మనలాంటి ఊళ్లో అసలు కిటుకు వేరే ఉంది. డిసెంబరులో కూడా మాకు మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు. రాత్రికీ పగటికీ మధ్య 13, 14 డిగ్రీల తేడా. బయట ఉచితంగా వేడి ఉన్నప్పుడు కిటికీలు మూసుకుని కూర్చుని, సాయంత్రం చలేస్తోందని హీటరు పెట్టుకోవడం ఏం తెలివి? రెండు వేల వాట్ల హీటరు గంటకి రెండు యూనిట్లు మింగుతుంది. పదింటికి కిటికీలు, తలుపులు బార్లా తెరుస్తాం. నేల మీద ఎండ పడనిస్తాం. పరుపులు, బొంతలు మిద్దె మీద ఎండబెడతాం. ఆ టన్నుల కొద్దీ గోడలు మెల్లగా వేడి తాగుతాయి. నాలుగున్నర, ఐదింటికి అన్నీ మూసేస్తాం. అప్పుడు మూస్తే దోమలు కూడా బయటే ఉండిపోతాయి, చుట్ట అవసరమే రాలేదు. మూస్తే నిజంగా మూసుకోవాలి. సందులు పూడ్చింది అందుకే.

ఇక్కడ అమ్మతో ఒక పేచీ వచ్చింది. దీపాలు పెట్టే వేళ వాకిలి మూస్తే లక్ష్మీదేవి ఎట్లా వస్తుంది అని. కొట్టిపారేయలేను, చిన్నప్పటి నుంచి విన్నదే. జాలీ తలుపు ఒకటి బిగించి, ఆ గంటసేపు వాకిలి తీసి, జాలీ మూసి ఉంచుతున్నాం. లక్ష్మీదేవికి జాలీ అడ్డం కాదని అమ్మే తేల్చింది.

తమ్ముడి వీడియోని మక్కీకి మక్కీ దించడంలో నా పొరపాటు ఎక్కడో ఇప్పుడు తెలుస్తోంది. వాడి ఊళ్లో జనవరిలో మైనస్ 30 దాకా పోతుంది. ఇంట్లో 20 ఉంటే లోపలికీ బయటికీ 50 డిగ్రీల తేడా. వేడెక్కిన గాలి పైకి లేచి అటక సందుల్లోంచి బయటికి పోతుంది, దాని జాగాలోకి కింది నుంచి గడ్డకట్టే గాలి వస్తుంది. పోయే గాలిలోని తేమ గోడల లోపల నీరై, మంచై, చెక్కని కుళ్లబెడుతుంది. అక్కడ ఇల్లు బిగించడం సుఖం కోసం కాదు, ఇల్లు నిలబడటం కోసం. పెద్ద ఫ్యానుని వాకిట్లో బిగించి, 50 పాస్కల్ ఒత్తిడి పెట్టి, ఇల్లు ఎంత కారుతోందో కొలుస్తారు. 50 పాస్కల్ అంటే ఐదు మిల్లీమీటర్ల నీళ్లు నిలబెట్టేంత ఒత్తిడి, అంతే. జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో 1991లో తొలి ఇల్లు కట్టిన పాసివ్ హౌస్ (అతి తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండే ఇల్లు) వాళ్ల కొలమానంలో ఆ ఒత్తిడి దగ్గర గంటకి ఇంట్లో గాలి 0.6 వంతుకి మించి మారకూడదు.

నేను ఆ వీడియోలో పట్టించుకోని సంగతి ఒకటుంది. చివర్లో తమ్ముడు నేలమాళిగలో ఒక డబ్బా చూపించి, దాని ఫిల్టరు కడిగాడు. అది పాత గాలిని బయటికి పంపుతూ, కొత్త గాలిని లోపలికి తెస్తూ, పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే యంత్రం. వాళ్ల ఊళ్లోనే 1977లో కట్టిన సస్కాచివాన్ కన్సర్వేషన్ హౌస్ అనే ఇంట్లో ఇల్లు బిగించడం, ఈ యంత్రం పెట్టడం రెండూ కలిపే చేశారు. బిగించిన ప్రతి ఇంటికీ వాళ్లు ఒక గవాచి పెట్టారన్నమాట, కరెంటుతో నడిచేది. నేను బిగింపు చూశాను, గవాచి చూడలేదు. మనకి ఆ యంత్రం అక్కర్లేదు. పగలు ఆరేడు గంటలు కిటికీలు తెరిచే వీలున్న ఊళ్లో ఉన్నాం.

రాత్రి సంగతి మాత్రం చూసుకోవాలి. పూర్తిగా బిగించిన మా గదిలో ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే వదిలే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడు) బయట ఉండేదానికి పది రెట్లు దాటుతుంది. ఆక్సిజన్ అయిపోయి చచ్చిపోతాం అనేది అపోహ. కానీ తెల్లారి తల బరువు, ఉక్క, నిద్ర పట్టనట్టు ఉండటం ఇందుకే. అందుకని అమ్మ గదిలో పైనున్న వెంటిలేటరు పలకల్ని రెండు వేళ్ల సందు తీసి ఉంచాం. మంచానికి దూరంగా, తలకి పైన, పడమటి వైపు. ఆ గాలి ఎవరి కాళ్ల మీదా పడదు.

కొన్ని కన్నాలు ఎన్నటికీ మూయకూడదు. వంటింటి పెరటి తలుపు కింది సందు నేను అట్లాగే వదిలేశాను. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది. దానికి కింది నుంచే దారి ఉండాలి. గ్యాసు గీజరు బాత్రూంలో ఉంటే దాన్ని బయటికి మార్చండి, మార్చేదాకా వెంటిలేటరు జోలికి పోకండి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు వేసుకుని పడుకోవడం మాత్రం, ఎంత చలైనా వద్దు. ఉత్తరాదిన ప్రతి చలికాలం ఇట్లా కుటుంబాలకి కుటుంబాలు నిద్రలోనే పోయిన వార్తలు వస్తాయి. కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చునే చోట ఇది రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దోమల చుట్ట పొగకైతే దగ్గు వచ్చి అమ్మ లేచింది. దీనికి దగ్గు కూడా రాదు.

మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఇదంతా విని, “నెలన్నర చలికి ఇంత హంగామా ఎందుకు నాయనా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది” అన్నారు. పోతుంది సార్. పోయాక ఏమొస్తుంది? ఏప్రిల్, మే. బయట 42, లోపల ఏసీ 26 మీద. చలికాలం రాత్రి లోపలికీ బయటికీ తేడా ఎనిమిది డిగ్రీలు లేదు, ఎండాకాలం మధ్యాహ్నం పదహారు. కార్తీకంలో మూసిన ఆ సందే మేలో డబ్బులు మిగులుస్తుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మూడంగుళాల పైపు కన్నం తెరిచి పెట్టుకుని మనం ఎంత దగ్గర పెట్టుకుంటే ఏం లాభం? జూన్ వస్తే పడమటి గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో ఆ మూడు నెలలు మా టీవీ బల్ల మీద దుమ్ము చూస్తే తెలుస్తుంది. ఈసారి దుమ్ము తుడవడం రెండు రోజులకొకసారి సరిపోతే చాలని మా ఆవిడ అంది. ఆమె దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చేది అదొక్కటే.

ఇంకా ఒక సందు మిగిలి ఉంది. పెద్దదే. వీధి వాకిలికి జోడు తలుపులు, టేకువి. రెండు రెక్కలు కలిసే చోట పై నుంచి కింది దాకా ఒక గీత. పగలు అందులోంచి ఎండ గదిలోకి కత్తిలా దిగుతుంది. మా ఆచారిని పిలిచి చూపించాను. రెక్క మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నట్టు చేసి, తల అడ్డంగా ఊపాడు.

“ఇప్పుడు వద్దు సార్. వానలకి చెక్క ఉబ్బి ఉంది. ఇప్పుడు చిత్రిక పట్టి సరిచేస్తే ఎండలకి ముడుచుకుని మళ్లీ ఇంత సందు పడుతుంది. ఎండలు ముదిరినాక కొలత తీసుకుని, మధ్యలో చెక్కపట్టీ కొడతా. గాలి కాదు కదా, సూది దూరదు.”

“మరి ఈ చలికాలానికి?”

“కంబళి కట్టుకోండి సార్. ఉగాది దాటినాక నేనే వస్తా.”

కంబళి కట్టాం. పోయిన కార్తీకంలోనూ ఉగాది దాటినాకే వస్తానన్నాడు.